చెవి కోయని పొట్టేలు

ఎమ్మిగనూరు,
10 ఫిబ్రవరి 1955

మక్బూల్ అన్నకు యేసేపు సలాములు.

నీ జాబు వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. రాద్దామని కూర్చుంటే చాలు, మగ్గాల వాళ్ళు ఎవరో ఒకరు వచ్చి రంగు పొట్లం అంటారు, నూలు అంటారు. ఇప్పుడు కూడా తక్కెడ పక్కన కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఎక్కడైనా నీలిరంగు వేలిముద్ర పడితే ఏమనుకోవద్దు. కుల్సుంబీ వదినె మోకాలి నొప్పి తగ్గిందా?

అన్నా, ఒక పని పడింది. పని కాదు, తలకాయ నొప్పి.

మా మామ జకరయ్య సంగతి నీకు తెలుసు కదా, మా సంఘానికి పెద్ద. నేను ఆదివారం అంగడి తెరుస్తానని మా గడప తొక్కడం మానేసి తొమ్మిదేళ్ళయింది. ఉండేది రెండు వీధుల అవతలే. కూతురితో గుడి దగ్గర మాట్లాడతాడు, ఇంటికి మాత్రం రాడు, ఆమె చేతి మెతుకు ముట్టడు. నేతగాళ్ళు నూలు కొనేదే ఆదివారం, ఆ రోజు మూస్తే మిగతా ఆరు రోజులు ఈగలు తోలుకోవాలని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కదు. సంతోషమ్మ పండగ రోజు నాయనకని ఒక కంచం తీసిపెడుతుంది, సాయంత్రం దాన్ని తనే తింటుంది. అంతే.

ఇప్పుడేమైందంటే, ఈ ఏడు గుడ్‌ఫ్రైడే ముందురోజు గురువారం పున్నమి పడింది. మామ క్యాలెండరు చూసి, ఈసారి సంఘమంతా ఒక్క ఇంట్లో కూర్చుని, మోషే రాసినట్టే పస్కా పండగ చేయాలని ప్రకటించాడు. పస్కా అంటే నీకు చెప్పాలి. ఇశ్రాయేలు జనం ఐగుప్తు దేశంలో ఫరో రాజు కింద వెట్టిచాకిరీలో ఉన్నప్పుడు, వాళ్ళను విడిపించే రాత్రి, దేవుడు ఇంటికొక గొర్రెపిల్లను కోసి దాని రక్తం తలుపు కమ్ములకు పూయమన్నాడు. రక్తం ఉన్న ఇంటిని చావు దాటిపోయింది. లేని ఇంట్లో పెద్దకొడుకు పోయాడు. దాని గుర్తుగా చేసుకునే పండగ.

ఎవరింట్లో అని అడిగితే మా సంతోషమ్మ లేచి, "మా ఇంట్లో సేద్దాం నాయనా" అంది. మామ, "గొర్రెపిల్లను రాసినట్టు తెస్తే వస్తా. రాసినట్టు కాకుంటే ఆ గడపలో నా కాలు పడదు" అన్నాడు.

ఏడాది లోపుది, మగది, మచ్చలేనిది కావాలి, అంటే ఒంటికి గాయం, రోగం లేనిది. నీది గొర్రెల బేరమే. ఒక్క పిల్లను చూసి పంపు. ఇంతకంటే చిన్న పని నిన్ను ఎప్పుడూ అడగలేదు.

నీ తమ్ముడు
యేసేపు

---

ఆదోని,
16 ఫిబ్రవరి 1955

యేసేపుకు మక్బూల్ దువా.

ఇంత చిన్న పనికి అంత పెద్ద జాబా? నీ కథ విని కుల్సుంబీ నవ్వింది, ఆ కంచం మాట దగ్గర మళ్ళీ చదవమంది. మోకాలు అలాగే ఉంది.

మాకు బక్రీదుకు ఇవే షరతులు. గుడ్డిది పనికిరాదు, కుంటిది పనికిరాదు, బక్కచిక్కింది పనికిరాదు. ఇబ్రహీం నబీ కత్తి ఎత్తినప్పుడు కొడుకు స్థానంలో దేవుడు పంపిన పొట్టేలు ఎంత బాగుండి ఉంటుందో ఆలోచించుకో, అలాంటిదే ఇవ్వాలి. కాబట్టి మీ మామ అడిగేది నాకు కొత్త కాదు. తుగ్గలి వైపు నుంచి భీమన్న అనే గొర్రెలాయన మందతో వస్తాడు. అతని చేత మంచివి మూడు పంపిస్తాను. ఒకటి ఏరుకోండి. మిగతా రెండూ అతనే తోలుకొస్తాడు.

నీ మామకు నా సలాం చెప్పు. తీసుకుంటాడో లేదో.

మక్బూల్

---

ఎమ్మిగనూరు,
5 మార్చి 1955

మక్బూల్ అన్నా,

మూడూ వెనక్కి వస్తున్నాయి. భీమన్న నీకు చెప్పేలోపు నేనే చెబుతాను, అతను చెప్తే తిట్లతో కలిపి చెప్తాడు.

మామ వచ్చాడు, వీధిలోనే నిలబడ్డాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిదాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"అమ్మా సంతోషమ్మా, నీ మొగునికి సెప్పు, దీని సెవి సూడమని."

నేను ఆయన ఎదురుగానే ఉన్నాను, మూరెడు దూరంలో.

"సూసినా మామా. గుర్తుకి కోసిన గాటు."

"అమ్మా, గాటు మచ్చ అవునా కాదా అని అడుగు."

భీమన్నకు కోపం వచ్చింది. "పెద్దాయనా, సెవి కోయకుంటే నా మందలోది యాది, ఇంకోని మందలోది యాది అని ఎట్ల తెలిసేది? బీట్లో అన్నీ కలిసిపోతాండాయి కదా. పుట్టిన వారానికే కోస్తాం. మా నాయన కోసినాడు, మా తాత కోసినాడు."

"మీ తాత మంద ఐగుప్తులో లేదులే నాయనా" అన్నాడు మామ.

రెండోదీ అంతే, రెండు చెవులకూ గాట్లు. మూడోదాని గాటు చిన్నది, వెంట్రుకల్లో కనబడదు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంతలో అది దగ్గింది. ఒక్కసారి అన్నా! నేనూ దగ్గుతాను, మామా దగ్గుతాడు, ఆ మాటకొస్తే మామ ఆదివారం ప్రార్థన సగం దగ్గే.

"బాగున్నదాన్ని అంగట్లో అమ్ముకోని, రోగం పట్టినదాన్ని దేవునికిచ్చేటోళ్ళు అప్పుడూ ఉండారు, ఇప్పుడూ ఉండారు. దానికే మచ్చలేనిది అని రాసింది" అని వెళ్ళిపోయాడు. అంగట్లో అన్న మాట ఎవరికో నాకు తెలియదా?

ఇక్కడ ఇంట్లో పరిస్థితి వేరే. సంతోషమ్మ నాయన వస్తాడని వాకిలి కమ్ములకు సున్నం కొట్టింది. "ఆ కమ్ములకే కదే రక్తం పూసేది" అంటే, "పూస్తే పూయనీ, దాని కింద తెల్లగా ఉండాల" అంటుంది. ఎముక విరగ్గొట్టకూడదట, ఉడకబెట్టకూడదట, పిల్ల మొత్తాన్ని నిప్పుల మీద కాల్చాలట. అంత పొడుగు చువ్వ ఎక్కడ దొరుకుతుంది? కమ్మరి సోమప్ప "ఏం కాలుస్తావప్పా, ఏనుగునా?" అని నవ్వుతున్నాడు.

చెవి కోయని పిల్ల కావాలి అన్నా. ఎక్కడుంటుందో నీకే తెలియాలి.

యేసేపు

---

ఆదోని,
11 మార్చి 1955

యేసేపూ,

భీమన్న నన్ను తిట్టింది నీకు రాయను. మీ మామను తిట్టింది అసలు రాయను.

మద్దికెర దాకా కనుక్కున్నాను. ప్రతి మందకూ గాటుంది. ఒకరు నిలువుగా కోస్తారు, ఒకరు కొన కోస్తారు, ఒకరు చిల్లు పెడతారు. గాటంటే ఏమిటి? ఇది ఫలానా వాడిది అని. గాటు లేదంటే అది ఎవరిదీ కాదని. మా మౌల్వీ సాబును అడిగితే, చెవి మూడోవంతు పోయి ఉంటేనే వద్దు, చిన్న గాటుకు మాఫీ అన్నాడు. మీ మామ పుస్తకంలో మాఫీ అన్న మాట లేదా? ఏసు అంటే మాఫీయే అని నువ్వే కదా నాకు చెప్పేది?

ఆయన మొండివాడని కోపం వస్తోంది, కానీ బేరగాడిగా ఒక మాట ఒప్పుకుంటాను. కొనేవాడు సరుకును అంత గట్టిగా పట్టి చూస్తే, వాడు దానికి పెట్టబోయే వెల పెద్దదని అర్థం. ఆయన ఆ పిల్లకు ఏం వెల కడుతున్నాడో నాకు తెలియడం లేదు.

గాటు లేని పొట్టేలంటే మందలో పెరగనిది. మందలో పెరగనిదంటే ఇంట్లో పెరిగింది. ఇంట్లో పెరిగినదాన్ని ఎవరమ్ముతారు?

ఒకటుంది. దాని సంగతి అడగొద్దు.

మక్బూల్

---

ఎమ్మిగనూరు,
22 మార్చి 1955

అన్నా,

అడగొద్దంటే అడగకుండా ఎలా ఉంటాను? "ఒకటుంది" అని రాసి ఊరుకుంటే నాకు నిద్ర పడుతుందా?

గుడ్‌ఫ్రైడేకు ముందొచ్చే మట్టల ఆదివారానికి పిల్ల ఇంట్లో ఉండాలి. కోసే రోజుకు నాలుగు రోజుల ముందే తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోవాలన్నది కూడా రాసి ఉందట. ఆ రోజుకు రాకపోతే పండగ మా సంఘంలోనే ఉండే లూకప్ప ఇంట్లో అని మామ చెప్పేశాడు. లూకప్ప ఇప్పటికే సంతోషమ్మ దగ్గరికి వచ్చి, "రొట్టెల పిండి కలిపేదానికి పెద్ద సట్టి ఉంటే ఈయమ్మా, మా ఇంట్లో పండగ కదా" అని అడిగిపోయాడు. ఆమె ఇచ్చింది. ఇచ్చి లోపలికి పోయి తలుపు వేసుకుంది. నాతో రెండు రోజులుగా ఉప్పు తే, కారం తే అన్న మాటలే.

ఆ ఒక్కదాన్నీ పంపు అన్నా. ఎవరిదైనా సరే, కాళ్ళు పట్టుకుని అడుగుతాను. ఎవరి కాళ్ళో చెప్పు.

యేసేపు

---

ఆదోని,
27 మార్చి 1955

యేసేపూ,

కాళ్ళు మీ వదినెవి. మోకాలు జాగ్రత్త.

పోయిన వానాకాలం మద్దికెర దారిలో ఒక గొర్రె ఈని చచ్చిపోయింది. పిల్లను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. కుల్సుంబీ గుడ్డ వత్తితో పాలు పట్టి బతికించింది. బక్రీదుకని పెంచుతున్నాం. మంచం కిందే పడుకుంటుంది. పేరు నవాబు. ఒళ్ళంతా తెలుపు, మూతి ఒక్కటి గోధుమరంగు. పుట్టినప్పటి నుంచి ఇంట్లోనే ఉంది కాబట్టి చెవి ఎవరూ ముట్టలేదు.

నీ జాబు ఆమెకు చదివి వినిపించాను. సట్టి ఇచ్చి తలుపు వేసుకున్న దగ్గర చదవడం ఆపమంది. పొట్టేలు మెడ గోకుతూ కూర్చుని, "ఇయ్యి" అంది.

"బక్రీదుకి మనకో?"

"ఇంకోటి సూద్దాం. తండ్రి రానిల్లు ఇల్లేనా? కానీ నువ్వు ఆడ కూర్చోని తిని రావాల. నా సేతి మేత తిన్నది ఎవరో ముక్కూ మొహం తెలీనోళ్ళ నోట్లో పోతే నాకు మనసొప్పదు. నువ్వు తిని వచ్చి, బాగా జరిగింది అని సెప్తే సాలు."

శనివారం నేనే పట్టుకొస్తాను. బస్సులో కుదరదు, మంత్రాలయం పోయే యాత్రికులు పొట్టేలును చూస్తే నన్ను కూడా దించేస్తారు. బండి మాట్లాడుకున్నాను. దాన్ని అప్పగించి వెనక్కి వచ్చి, గురువారం మళ్ళీ వస్తాను. నాకొక ఆకు వేసి ఉంచు.

మక్బూల్

---

ఎమ్మిగనూరు,
5 ఏప్రిల్ 1955, మంగళవారం

అన్నా,

ఈ జాబు బస్సు కండక్టరు శేషన్న చేతికిచ్చి పంపుతున్నాను. టపాలో వేస్తే గురువారం దాటిపోతుంది.

నవాబు నెగ్గాడు. మామ చెవులు చూశాడు, పళ్ళు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు. చివరికి వంక దొరకక, "దీనికి మేత బాగా పెట్టినారు" అన్నాడు. సంతోషమ్మ మొహం చూడాల్సింది నువ్వు.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం వచ్చి గుమ్మం బయట నిలబడి చూసిపోతున్నాడు. నవాబు సంతోషమ్మ కొంగు వదలడు. ఆమె రొట్టె తడుతుంటే పక్కన, నీళ్ళకు పోతే వెనక. నిన్న ఆమె దాన్ని పట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే మామ బయటి నుంచి చూశాడు.

"నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకోమని ఎందుకు సెప్పినాడు అనుకున్నావమ్మా? తెచ్చి అప్పుడే కోస్తే అది కూర. మన సేతి మేత తిని, మన మొహం సూసినాక కోస్తే అప్పుడు తెలుస్తాది, మన బతుక్కి బదులు ఏం పోయిందో. వాకిలికి రక్తం ఎందుకు? ఈ ఇంట్లో ఒక సావు అయిపోయింది, ఇంకోటి వద్దు అని సెప్పేదానికి."

ఆ ముసలాయన మీద నాకు ఎంత కోపమున్నా, ఆ మాటను ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను.

ఇప్పుడు రాయకూడని మాట రాస్తున్నాను. పొద్దున ఎవరెవరు కూర్చుంటారని మామ లెక్క అడిగితే నీ పేరు చెప్పాను. బయటివాడు దాన్ని తినకూడదని రాసి ఉందన్నాడు.

"పొట్టేల్ని ఇచ్చినోడే బయటోడా మామా?" అన్నాను.

"అమ్మా, నీ మొగునికి సెప్పు. ఆయనకి మర్యాద సేద్దాం. దుప్పటి కప్పుదాం. పంక్తిలో కూర్చోబెట్టేదానికి మాత్రం లేదు."

గొడవపడ్డాను. అరిచాను. వీధిలో జనం చేరారు. "అట్లయితే లూకప్ప ఇంట్లో పెట్టుకుందాం" అన్నాడు, చాలా నెమ్మదిగా. సంతోషమ్మ నావైపు చూసింది. ఒక్క మాట అనలేదు అన్నా. అని ఉంటే బాగుండేది, ఆమె మీద అరిచేవాణ్ణి.

గురువారం రావద్దు.

వదినెకు ఏం చెప్తావో నాకు తెలియదు. ఏం చెప్పమని రాయాలో కూడా తెలియదు. ఈ పండగ మొదలుపెట్టిన రోజును తిట్టుకుంటున్నాను.

యేసేపు

---

ఆదోని,
6 ఏప్రిల్ 1955

యేసేపుకు,

రాను.

కుల్సుంబీకి ఇంకా చెప్పలేదు. ఆ పున్నమే మా బరాత్ పండగ రాత్రి కూడా. మీకు పంపాలని హల్వా రవ్వ జల్లించుకుంటోంది.

నీ పెళ్ళికి ముందు నుంచీ నీ అంగట్లో కూర్చుని నీ కంచంలో తిన్నాను. బయటివాణ్ణని తెలియక తిన్నాను.

ఒక్క మాట. పొట్టేలును కొనేటప్పుడు నేను పళ్ళు చూసి ఊరుకోను. తోక దాకా తడుముతాను. మీ మామ నీకు పళ్ళు చూపించాడు. నువ్వు తోక దాకా చూశావా?

మక్బూల్

---

ఎమ్మిగనూరు,
12 ఏప్రిల్ 1955

మక్బూల్ అన్నకు, నా మీద కోపంగా ఉన్నా సరే, యేసేపు సలాములు.

చించేయకుండా చివరిదాకా చదువు. నువ్వే కదా తోక దాకా చూడమన్నది.

నీ జాబు గురువారం మధ్యాహ్నం శేషన్న తెచ్చి ఇచ్చాడు. చదివి, గిరాకీని నిలబెట్టేసి, బైబిలు తీసుకుని నూలు మూటల వెనక కూర్చున్నాను. పస్కా రాసిన అధ్యాయం ఎన్నోసార్లు విన్నదే. మామ చెప్పింది నిజమే, బయటివాడు తినకూడదని ఉంది. కానీ దాని కింద ఇంకా ఉంది. చదివాను. మళ్ళీ చదివాను. నవ్వొచ్చింది, భయం కూడా వేసింది.

సాయంత్రానికి సంఘమంతా వచ్చింది. ప్రయాణానికి సిద్ధమైన వాళ్ళలా తినాలని రాసి ఉంది కాబట్టి అందరూ చెప్పులు వేసుకుని, చేతికర్రలు పట్టుకుని, నడుము బిగించి నిలబడ్డారు. చూసేవాళ్ళకు మేము ఎవరినో కొట్టడానికి పోతున్నట్టుంది. మామ గుమ్మం బయట. పిల్లను కోసి కమ్ములకు పూస్తే లోపలికి వస్తాడు. లూకప్ప కత్తి నూరుతున్నాడు. నవాబు మామ పంచె అంచు నములుతున్నాడు.

"మామా, అంతా రాసినట్టే కదా?" అన్నాను.

"రాసినట్టే" అన్నాడు. తొమ్మిదేళ్ళలో నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"అట్లయితే ఇంకో నాలుగు వాక్యాలు ఉండాయి. సదువుతా, ఇనండి."

చదివాను. బయటివాడైనా సరే, అతనికీ అతని ఇంటి మగవాళ్ళకూ సున్నతి అయి ఉంటే దగ్గరికి వచ్చి, ఇంట్లో పుట్టినవాడిలాగే తినొచ్చు. సున్నతి కానివాడు ఎవడైనా సరే, తినకూడదు. ఇంటివాడికీ బయటివాడికీ ఒకటే చట్టం.

"మనలో ఎవరికి అయిందో సెయ్యెత్తండి" అన్నాను.

ఒక్క చెయ్యి లేవలేదు. లూకప్ప కత్తిని వెనక్కి దాచుకున్నాడు. "ఒరే యేసేపూ, ఇప్పుడు మమ్మల్ని ఏం సేయమంటావురా?" అని ఎవరో అరిచారు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"ఏమీ సేయొద్దు. రాసినట్టయితే ఈ పొట్టేల్ని తినేదానికి అర్హత ఉండేది ఒక్కనికే. ఆయన ఆదోనిలో ఉండాడు. మనం రావద్దన్నాం."

కొత్త నిబంధనలో అదంతా కొట్టేశారు, మనకు సున్నతి అక్కర్లేదు అని లూకప్ప అందుకున్నాడు. "కొట్టేసింటే సెవి గాటు కూడా కొట్టేసింటారు కదప్పా, నన్ను రెండు నెలలు ఎందుకు తిప్పినారు?" అన్నాను. అప్పటికి నాకు ఒళ్ళు తెలియడం లేదు.

మామ నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. వేలు పెట్టి చదివాడు. ఎంతసేపు చదివాడంటే నవాబు పంచె వదిలేసి వెళ్ళి సంతోషమ్మ దగ్గర పడుకున్నాడు.

"సానాసార్లు సదివినా ఇది" అన్నాడు చివరికి. "ఎప్పుడు సదివినా ఇంకోళ్ళ కోసం రాసింది అనే అనుకున్నా."

అన్నా, నేను ఆయన్ని గెలవాలనే చదివాను. ఆ మాట విన్నాక గెలిచినట్టు అనిపించలేదు. ముసలాయన కర్ర వదిలేసి గడప మీదే కూలబడ్డాడు. పస్కా లేదు, పిల్లను కోయలేదు, కమ్ములకు సున్నం తప్ప ఏమీ లేదు. సంతోషమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. అయిపోయింది, ఇంక ఈ జన్మకు రాడు అనుకున్నాను.

"అమ్మా, నోరెండిపోయింది. నీళ్ళియ్యి" అన్నాడు.

ఆమె పరుగున తెచ్చిన చెంబు సగం దారిలోనే ఒలికింది. ఆయన తాగి, ఇంకో చెంబు అడిగాడు. "తినే అర్హత నాకే లేదంట. ఇంక నీ ఇంటి నీళ్ళకి వంక పెట్టేదేముందిలే" అని లేచి, చెప్పులతోనే లోపలికి వచ్చాడు.

పులియని రొట్టె, చేదు కూర తినాలని రాసి ఉంది. మన జొన్నరొట్టెలో పులుపెక్కడుంది? చేదుకు కాకరకాయ చేసింది. అదే తిన్నాం అందరం. మామ మూడు రొట్టెలు తిన్నాడు. నాలుగోది వద్దంటూనే తిన్నాడు.

అంతటితో అయిపోతే ఆయన మా మామ ఎందుకవుతాడు? చెయ్యి కడుక్కుంటూ, "దూరంగా ఉండి పండగ తప్పిపోయినోళ్ళకి, తరువాత నెల అదే రోజు ఇంకో పస్కా పెట్టినాడు మోషే. ఆ ఆదోని ఆయన్ని అప్పుడు రమ్మను. ఆయన తింటాడు, మనం కూర్చోని సూస్తాం" అన్నాడు. నువ్వొక్కడివే తినాలి అన్నా, పొట్టేలు మొత్తం. ఎముక విరక్కూడదు, తెల్లారేసరికి ముక్క మిగలకూడదు. సంఘమంతా చుట్టూ కూర్చుని నీ నోటి వైపు చూస్తుంటారు.

ఇంకో సంగతి. అప్పటిదాకా నవాబుకు మచ్చ పడకూడదని మామే కాపలా. రోజూ పొద్దున్నే తుమ్మకాయలు ఒడిలో వేసుకుని వస్తాడు, దానికి పెడతాడు, గిట్టలు చూస్తాడు, మంచం మీద కూర్చుంటాడు, సంతోషమ్మ పెట్టింది తిని పోతాడు. మొన్న ఆదివారం నేను అంగడి తెరిచాను. ఆయన అటు తిరిగి చూడకుండా ఇంట్లోకి పోయాడు. నాతో మాటలు మళ్ళీ "నీ మొగునికి సెప్పు"కే వచ్చాయి. రాత్రి నేను పుస్తకం తీస్తే, "నీ మొగునికి సెప్పమ్మా, ఇంకేం సదవొద్దని" అంటున్నాడు.

సంతోషమ్మ నిన్న నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగింది. "మక్బూలన్న ఆ పున్నమికి రాకుంటే ఏమవుతుంది?" అని. ఏమీ కాదు, పొట్టేలు ఉంటుంది, మీ నాయన వస్తుంటాడు అన్నాను. "అట్లయితే ఆ ఒక్క పున్నమికి వద్దని రాయి" అంది. నిన్ను రెండోసారి రావద్దని రాయమంటున్నారు, చూడు నా బతుకు!

వదినెకు ఉన్నదున్నట్టు చెప్పు. నేను రాసిన ఆ మంగళవారం జాబు కూడా చదివి వినిపించు, తిట్టనీ. నవాబు బాగున్నాడు, కాస్త ఒళ్ళు చేశాడు. బక్రీదు సంగతి ఆమె, సంతోషమ్మ కలిసి తేల్చుకుంటారు, మన ఇద్దరి మాట చెల్లదు. హల్వా మీరే తిని ఉంటారు, మళ్ళీ చేయమను.

ఆకు వేసి ఉంచమన్నావు. నేను వేయలేదు. వదినెను బండిలో కూర్చోబెట్టుకుని రా. మామ పక్కనే వేస్తాను నీ ఆకు. జొన్నరొట్టె, కాకరకాయ, ఎవరూ ఏ వాక్యం చదవరు. పున్నమి ఒక్కటి తప్పించి ఏ రోజైనా సరే. ఎప్పుడొస్తావన్నా?

నీ తమ్ముడు
యేసేపు